తలాపున నల్లరాయి

"పన్నెండూ పదికి రైలు. నేనూ, నీ గొర్రెలకాపరీ ఎక్కుతాం. వాణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టేస్తే నా పని అయిపోయింది. తర్వాత నువ్వు ఆ కొండమీద కూర్చుని ఎన్ని రాళ్లయినా ఏరుకో, పెల్లింగ్," అన్నాడు లండన్ నుంచి వచ్చిన చీఫ్ ఇన్‌స్పెక్టర్ క్రేల్.

ఇన్‌స్పెక్టర్ ఆంబ్రోస్ పెల్లింగ్ గోడ గడియారం చూశాడు. తొమ్మిదీ నలభై. చేతిలో ఉన్నది రెండున్నర గంటలు. ఆ తర్వాత సేత్ టప్పెన్ హత్యానేరం మీద కోర్టు చేతిలో పడతాడు. తనే చంపానని కాగితం మీద సంతకం పెట్టినవాడికి కోర్టు ఏం చేస్తుందో ఎవరిని అడగాలి? తీర్పు చెప్పాక మూడు ఆదివారాలు ఆగుతారు, అంతే. తర్వాత ఉరి.

"ఇంకో రోజు ఆగితే..."

"ఆగితే ఏమవుతుంది? వాడు ఇంకో కాగితం మీద సంతకం పెడతాడు." క్రేల్ బల్ల సొరుగు లాగి ఒక రాయి తీసి టకీమని ముందు పెట్టాడు. "ముట్టుకో."

చిన్న బన్నంత గుండ్రటి రాయి. వీపు మీద అయిదు చుక్కల గీతలు విచ్చుకున్న నక్షత్రం. ఈ సుద్దకొండలు సముద్రం అడుగున ఉన్న కాలంలో బతికిన ఏదో ముళ్లజీవి, రాయైపోయింది. సస్సెక్స్ కొండల్లో దున్నేవాడికీ, గొర్రెలు కాచేవాడికీ రోజూ కాలికి తగులుతూనే ఉంటుంది. కాపరి కిరీటం అంటారు. తెచ్చి కిటికీ గట్టు మీద పెడితే ఆ ఇంటి మీద పిడుగు పడదని నమ్మకం. పెల్లింగ్ ఇంట్లోనూ రెండున్నాయి. కానీ అవి బూడిదరంగులో ఉంటాయి. ఇది నల్లగా నిగనిగలాడుతోంది. ముట్టుకుంటే అతని వేలికి మసి అంటుకుంది.

"పొయ్యికి రాసే పాలిష్," అన్నాడు క్రేల్. "నిన్న నీ పోలీసుల చేత గడపగడపా అడిగించాను. కిటికీలో రాయికి పొయ్యి నలుపు పూసే మనిషి హార్డెన్ ఊరు మొత్తానికి ఒక్కర్తే. టప్పెన్ తల్లి."

ఆ మాట నిజమే. కెజియా టప్పెన్ సఫోక్ నుంచి కోడలిగా వచ్చిన మనిషి. వాళ్ల వైపు ఈ రాయికి ప్రతి శుక్రవారం పొయ్యితో పాటే నలుపు పూసి మెరిపిస్తారు. అలా చేస్తే ఇంట్లో రొట్టెకి లోటుండదట. యాభై ఏళ్లనుంచీ హార్డెన్ ఆడవాళ్లు ఆవిణ్ణి దీనిమీద ఆటపట్టిస్తూనే ఉన్నారు. అది నిజం కావడమే పెల్లింగ్‌కి అంత ఇబ్బందిగా ఉంది. తెలిసిన నిజం అబద్ధమై ఉంటే బాగుండుననిపించడం పోలీసువాడికి మంచి లక్షణం కాదు.

జరిగింది ఇదీ. మూడు వారాలుగా తవ్వకాల పండితుడు డాక్టర్ గార్బెట్ హార్డెన్ కొండ మీద ఒక పాత సమాధి దిబ్బ తవ్విస్తున్నాడు. అందులో నాలుగు వేల ఏళ్లనాటి ఆడమనిషి, ఆమె చేతి వంపులో పసిబిడ్డ. ఇద్దరి చుట్టూ ఈ కిరీటాలే, వందల కొద్దీ, వరసగా పేర్చి ఉన్నాయి. లండన్ పత్రికలు ఫొటోలు వేశాయి. గార్బెట్ ఆ రాళ్లన్నీ తీసి, సిరాతో అంకెలు వేసి, పెట్టెల్లో సర్దించాడు. సేత్ టప్పెన్ దానికి మండిపడ్డాడు. "చచ్చినవాళ్ల దగ్గర పెట్టింది తీస్తావా? నిన్నూ ఆ గోతిలోనే పూడుస్తా!" అని సారాకొట్లో పది మంది ముందు అరిచాడు. మంగళవారం గార్బెట్ కొండ దిగలేదు. బుధవారం పొద్దున్న ఏడింటికి ఆయన సహాయకుడు సిరిల్ వేన్ వెళ్లి చూస్తే గోతిలో శవం. తల వెనక గడ్డపార దెబ్బ. చుట్టూ పన్నెండు కిరీటాలు. పదకొండు అంకెలున్నవి, తలాపున అంకె లేని ఈ నల్లది.

"చంపినవాడు తన ఇంటి రాయి పట్టుకొచ్చి శవం తలాపున పెట్టి పోతాడా సార్?" అన్నాడు పెల్లింగ్.

"తెలివున్నవాడు పోడు. మీ ఊరివాడు పోతాడు." క్రేల్ నవ్వాడు. "ఏం, నీకు కూడా కిటికీలో ఉందా ఇలాంటిది?"

"రెండున్నాయి. ఇంతవరకూ పిడుగు పడలేదు. నిన్న మధ్యాహ్నం లండన్ రైలు దిగేదాకా."

క్రేల్ మొహంలో నవ్వు ఆరిపోయింది. "పదకొండున్నర దాకా తిరుగు. ఆ తర్వాత నా ఖైదీ దగ్గరికి వస్తే నీ మీద రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తాను."

---

సేత్ టప్పెన్ లాకప్ గదిలో బెంచీ మీద మోకాళ్లు కావలించుకుని కూర్చున్నాడు. పక్కన టీ చల్లారిపోయింది. యుద్ధం అయిపోయి ఏడేళ్లయినా పంచదార ఇంకా రేషన్ కార్డు మీదే. అయినా ఎవరో ఆ కప్పులో రెండు చెంచాలు వేశారు. స్టేషన్లో అందరికీ వాడి మీద జాలే. జాలి వల్ల తాడు తెగదు కదా.

"ఏరా సేత్. ఎన్నింటికి చంపావు?"

"రాసిచ్చా కదండీ. ఆరింటికి."

"దేంతో?"

"గడ్డపారతో."

"రాళ్లు ఎందుకు పెట్టావు?"

వాడు చల్లారిన టీ కప్పు వంక చూశాడు.

"ఎడం వైపు నుంచి మొదలెట్టావా, కుడి వైపు నుంచా?"

"గుర్తు లేదు."

పెల్లింగ్ వాడి ముందు గొంతుక్కూర్చున్నాడు. "చూడరా. నువ్వు మంగళవారం గొర్రెల సంతకి వెళ్లావు. అయిదూ అయిదుకి బస్సు దిగావు. కండక్టరు చెప్పాడు. ఇంటికెళ్లావు. అయిదూ ముప్పావుకి కొండెక్కుతూ కనిపించావు, ఆరుంబావుకి దిగుతూ కనిపించావు. పొద్దుటినుంచీ సంతలో నిలబడ్డవాడివి, టీ కూడా తాగకుండా కొండకి పరిగెత్తాల్సిన అవసరం ఏమొచ్చింది?"

"వాణ్ణి చంపడానికి."

"ఇంటిదగ్గర ఏం చూశావు?"

సేత్ తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఏం చూళ్లేదు. అమ్మ పేరు ఎత్తకండి."

"నేనెత్తలేదు. నువ్వే ఎత్తావు."

వాడు రెండు చేతుల్తో మొహం మూసుకున్నాడు. పెల్లింగ్‌కి వదిలేద్దామనిపించింది, కానీ గడియారం వదలడం లేదు.

"ఆ నల్లరాయి మీ ఇంటిదని చూడగానే తెలుస్తుంది. పోనీ, ఆ పూట జేబులో వేసుకుని వచ్చేసి ఉంటే ఇవాళ నీకు ఈ గతి పట్టేదా? ఎందుకు తియ్యలేదు?"

"ఎలా తీస్తానండీ?" సేత్ దాదాపు అరిచాడు. "చచ్చినవాడి దగ్గర పెట్టింది తీయొచ్చా? నేను ఆ గార్బెట్‌తో దెబ్బలాడింది దానికే కదా! చెయ్యి చాపాను. రాలేదు. దేవుడి సాక్షి, నా చెయ్యి రాలేదు."

ఏమన్నాడో వాడికి అప్పుడు తట్టింది. గోడవైపు తిరిగిపోయాడు.

"నేనే చంపాను. వెళ్లండి."

పెల్లింగ్ లేచాడు. వాడు వెళ్లేసరికే రాళ్లు పెట్టి ఉన్నాయి. మనిషి చచ్చి ఉన్నాడు. తల్లి రాయి తలాపున చూశాడు, తల్లే చంపిందనుకున్నాడు. తీసేస్తే తల్లి తప్పించుకునేది, కానీ తియ్యలేకపోయాడు. ఇక మిగిలిన దారి ఒక్కటే, ఆ నేరం తన నెత్తిన వేసుకోవడం. క్రేల్‌కి ఇది చెబితే పగలబడి నవ్వుతాడు. హార్డెన్ ఊళ్లో ఎవడికి చెప్పినా నవ్వడు.

అయితే మరి కెజియా చంపిందా?

వసారాలో సిరిల్ వేన్ ఎదురయ్యాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. దువ్విన తల, మెడకి ఊలు మఫ్లరు, మర్యాద ఉట్టిపడే గొంతు. వాంగ్మూలం మీద సంతకానికి వచ్చానన్నాడు.

"రెండు నిమిషాలు, మిస్టర్ వేన్. మంగళవారం డాక్టర్ని చివరగా ఎప్పుడు చూశారు?"

"అయిదున్నరకి. మధ్యాహ్నమంతా తలనొప్పిగా ఉంటే సత్రంలో పడుకున్నాను. వాన తగ్గాక పైకి వెళ్లి, ఇక దిగుదాం రండి అన్నాను. ఆయన వింటేనా!"

"వాన నాలుక్కి పది నిమిషాలుందనగా మొదలైంది. అయిదూ ఇరవై దాకా కురిసింది. అంతసేపూ ఆయన గోతిలోనే ఉన్నారా?"

"అలాగే చెప్పారు. ఒళ్లంతా తడిసి ముద్దయ్యారు. పనిలో పడితే ఆయనకి వానేమిటి, ఎండేమిటి!"

"మీరు వెళ్లేసరికి ఏం చేస్తున్నారు?"

"పసిబిడ్డ ఎముకల పక్కన తాపీతో గీకుతున్నారు." వేన్ చేతిరుమాలు తీసి కళ్ల కొసలు ఒత్తుకున్నాడు. "నేను బలవంతంగా తీసుకొచ్చేసి ఉంటే బతికేవారు."

పెల్లింగ్ తలాడించి సైకిలు తీశాడు. పదీ అయిదు.

---

రెండు మైళ్లు తొక్కి, నిటారు దారిలో సైకిలు తోసుకుంటూ పైకొచ్చేసరికి పెల్లింగ్ చొక్కా వీపుకి అంటుకుపోయింది. కాపలా ఉన్న కానిస్టేబుల్ డడ్నీ పరిగెత్తుకొచ్చాడు. యాభై దాటిన మనిషి, మంగళవారం సంత బందోబస్తుకి పోవడం తప్ప, రెండు వారాలుగా పగలంతా ఈ దిబ్బ దగ్గరే డ్యూటీ.

"ఎవరూ ఏం ముట్టుకోలేదు కదా?"

"లేదు సార్. లండన్ దొర నల్లరాయి ఒక్కటి తీశారు. మిగతా పదకొండూ ఎక్కడివక్కడే. శవాన్ని మోసినవాళ్లు మాత్రం మధ్యంతా తొక్కేశారు."

పెల్లింగ్ గోతిలోకి దిగాడు. అడుగంతా తాపీతో చదును చేసిన తెల్లటి సుద్ద. మంగళవారం వాన దాని మీద చినుకు చినుకుకీ ఒక గుంట చేసి పోయింది. అట్టు మీద చిల్లుల్లా ఉన్నాయి. ఆ తర్వాత చుక్క పడలేదు. పక్కన ఆ తల్లీ బిడ్డా. మోకాళ్లు ముడుచుకుని పక్కకి ఒరిగిన తల్లి, ఆమె మోచేతి వంపులో పిడికెడంత పుర్రె. రెంటి మీదా సుద్ద బురద చిమ్మి ఎండిపోయి ఉంది. బిడ్డ పక్కటెముకలు రెండు వాననీటికి జరిగిపోయాయి.

అతనికి ఏదో కుట్టినట్టయింది.

"డడ్నీ, వాన వస్తే వీటి మీద కప్పడానికేం లేదా?"

"లేకేం సార్, టార్పాలిన్ ఉంది. అబ్బో, దాని గొడవ అడక్కండి! మబ్బు పట్టిందంటే చాలు, గార్బెట్ దొర తన టోపీ ఎగిరిపోయినా చూసుకోడు, ముందు ఈ తల్లీబిడ్డల మీద కప్పాల్సిందే. ఒకసారి అది దొరక్కపోతే నా కోటు లాక్కుని కప్పాడు. నేను జలుబుతో రెండు రోజులు పడుకున్నా."

"ఇప్పుడెక్కడుంది?"

పనిముట్ల పాకలో ఉంది. మూల నాలుగు మడతలు వేసి. పెల్లింగ్ దాన్ని విప్పి దులిపాడు. దుమ్ము రేగింది. ఎక్కడా తడి మచ్చ లేదు, సుద్ద మరక లేదు. మడతల్లో సాలెగూడు కూడా ఉంది.

తన టోపీ పోయినా సరే ఎముకలు తడవకూడదనుకున్న మనిషి, గంటన్నర వానలో వాటి పక్కనే కూర్చుని తాపీతో గీకుతున్నాడట! టార్పాలిన్ పదడుగుల దూరంలో మడతపెట్టి ఉండగా!

పెల్లింగ్ మళ్లీ గోతిలోకి దూకి, మొదటి రాయిని రెండు వేళ్లతో ఎత్తాడు. చుట్టూ గుంటలు. రాయి కింద ఒక్క గుంట లేదు. నున్నగా, తాపీ గీతలు గీతలుగా కనిపిస్తున్నాయి. రెండో రాయి ఎత్తాడు. అంతే. నల్లరాయి తీసిన చోట కూడా గుండ్రటి నున్నటి మచ్చ.

"డడ్నీ, ఇలా చూడు. ఈ రాళ్లు ఎప్పుడు పెట్టారంటావు?"

డడ్నీ వంగి చూసి నోరు తెరిచాడు. "వానకి ముందే! అంటే నాలుగు కొట్టకముందే దొర చచ్చిపోయాడా? అప్పుడు సేత్ సంతలో కదా ఉన్నాడు!"

"మరి అయిదున్నరకి వేన్ మాట్లాడింది ఎవరితో?"

పెల్లింగ్ మిగతా రాళ్లు ఒక్కొక్కటే ఎత్తి చూస్తున్నాడు. ఏడోది ఎత్తగానే ఆగిపోయాడు. నలభై ఏడు అని అంకె వేసి ఉంది. నడుం దగ్గర పాత విరుపు. అడుగున గుంటలో చిన్న సున్నపు పెచ్చు. సుద్దకొండ మీద రాయికి తెల్లగా అంటుకోవడంలో వింతేముంది అనుకోబోయాడు. వెలుతురుకి పెట్టి చూస్తే తెలుపు కాదు. లేత నీలం.

ఈగలు రాకుండా పాలగదుల గోడలకి నీలిమందు కలిపిన సున్నం కొడతారు. కిటికీ గట్లకి కూడా. నాలుగు వేల ఏళ్ల కిందటి సమాధిలోకి నీలిమందు ఎలా వచ్చింది?

అతను నోటుబుక్కులో కాగితం చింపి గబగబా రాశాడు. "రాళ్లు వానకి ముందే పెట్టారు. అప్పటికే గార్బెట్ చనిపోయాడు. సేత్ కాదు. రైలు ఆపండి. పెట్టింది తల్లి అయ్యుండొచ్చు, ఆవిడతో మాట్లాడి వస్తున్నా." మడిచి డడ్నీ చేతిలో పెట్టాడు.

"క్రేల్ దొర చేతికే ఇవ్వు. పరిగెత్తు!"

వేన్ పేరు అందులో రాయలేదు. రాయనందుకు తన జాగ్రత్తని తనే మెచ్చుకున్నాడు కూడా. పదీ యాభై అయిదు.

---

కెజియా టప్పెన్ ఇంటి తలుపు తీసే ఉంది. డెబ్భై నాలుగేళ్ల మనిషి, రొట్టె పిండి పిసుకుతోంది. ఎవరి కోసమో, తినేవాడు లాకప్‌లో ఉన్నాడు. కిటికీ గట్టు మీద పొయ్యి మసి గుండ్రంగా ఒక వలయం, మధ్యలో ఖాళీ.

"కెజ్జీ పెద్దమ్మా," అన్నాడు పెల్లింగ్. ఆ ఊళ్లో నలభై దాటినవాళ్లందరికీ ఆవిడ పెద్దమ్మే.

"కూర్చో నాయనా. పిండి వదిలితే పాడైపోద్ది."

"మంగళవారం కొండ మీదికి ఎన్నింటికి వెళ్లావు?"

ఆవిడ చేతులు ఆగాయి. మళ్లీ పిసకడం మొదలెట్టింది. "నేనెక్కడికీ వెళ్లలేదు."

"రాయి ఏది?"

"పోయింది."

"సేత్ సంతకం పెట్టేశాడు పెద్దమ్మా. పన్నెండూ పదికి రైలెక్కిస్తున్నారు."

"తెలుసు." గొంతు గట్టిగానే ఉంది, పిండి మీద మాత్రం టపటపా రెండు చుక్కలు పడ్డాయి. "కోపం ముండాకొడుకు. చిన్నప్పటినుంచీ అంతే. నేనేం చెప్పినా వాడి మెడకే చుట్టుకుంటది. నన్నేమీ అడక్కు ఆంబ్రోస్."

"వాడు చంపాడని నువ్వు అనుకుంటున్నావు. నువ్వు చంపావని వాడు అనుకుంటున్నాడు."

ఆవిడ తలెత్తింది. "ఏమన్నావు?"

"గార్బెట్ వానకి ముందే చచ్చిపోయాడు. ఆ టైముకి నీ కొడుకు పది మైళ్ల దూరంలో గొర్రెల బేరం చేస్తున్నాడు. బస్సు దిగింది అయిదూ అయిదుకి. వాడు చంపలేదు పెద్దమ్మా. చంపడానికి వాడికి కుదరదు."

కెజియా పిండి చేతుల్తోనే బల్ల అంచు పట్టుకుంది. కుర్చీ ఉందో లేదో కూడా చూసుకోకుండా కూలబడింది. అదృష్టం, కుర్చీ ఉంది. కొంగులాగా ఏప్రాన్ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పెల్లింగ్ అటు తిరిగి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. పదకొండూ ఇరవై. ఏడవనివ్వాలని ఉంది, గడియారం చూస్తే ఒంటిమీద తేళ్లు పాకుతున్నాయి.

"మొదట్నుంచీ చెప్పు. తొందరగా చెప్పు."

"సోమవారం సాయంత్రం ఆయన ఇక్కడికి వచ్చాడు, ఆ గార్బెట్ దొర. అదిగో, ఆ స్టూలు మీదే కూర్చున్నాడు. నేను తిడదామనుకున్నా. ఆయన తిట్టించుకునేలా లేడు, మొహం పీక్కుపోయి ఉంది. 'ఈ ఊళ్లో ఎవరిళ్లల్లోనైనా కిటికీల్లో రాళ్లు పోయాయా?' అనడిగాడు. పోయాయి కదా, వేసవిలో. హనీసెట్ వాళ్ల పాలగదిలోవి మొత్తం పోయాయి, ఆరో ఏడో. పిల్లలు ఎత్తుకుపోయారనుకున్నాం."

"నడుం దగ్గర విరిగిన రాయి ఒకటి ఉండేదా వాళ్లింట్లో?"

"ఉండేది. మార్తా హనీసెట్ దాన్ని మొగుడి మీదికి విసిరితే విరిగింది." ఏడుపులోనే కాస్త నవ్వింది. "అదే, నాకదే వింతగా ఉంది. మంగళవారం ఆ పెట్టెలోంచి రాళ్లు తీస్తుంటే అది చేతికొచ్చింది. అంకె వేసి మరీ ఉంది. ఇంత పాత సమాధిలో మార్తా రాయి ఉండటమేంటి నాయనా?"

పెల్లింగ్‌కి అర్థమైంది. పత్రికలవాళ్లు వందలని రాసిన రాళ్లలో సగం ఈ ఊరి కిటికీల్లోవి. సమాధిలో అసలు దొరికినవి ఎన్నో గాని, మిగతావి ఎవరో రాత్రికి రాత్రి తెచ్చి పాతిపెట్టి పొద్దున్న తవ్వి తీశారు, పేరు కోసం. గార్బెట్ అది కనిపెట్టాడు. ఒక పండితుడి బతుకు, ఇంకొకడి భవిష్యత్తు, రెండూ ఆ నీలం పెచ్చులో ఉన్నాయి.

"గార్బెట్ ఇంకేమన్నాడు?"

"లెక్క తేలాక ఆ బిడ్డవి ఆ బిడ్డకే పెట్టేస్తానన్నాడు. 'నువ్వూ రా అమ్మా, రేపు మధ్యాహ్నం,' అన్నాడు. నాకూ ఒక పిల్ల పోయింది కదా ఆంబ్రోస్, నువ్వెరగవు, సేత్‌కి ముందు. దాని దగ్గర ఏం పెట్టడానికి లేదప్పుడు మాకు. అందుకని ఈ బిడ్డకి నా రాయి ఇద్దామని పట్టుకెళ్లాను. మూడు దాటాక బయల్దేరాను, దూరంగా ఉరుముతోంది. వెళ్లి చూస్తే..." ఆవిడ కళ్లు మూసుకుంది. "నెత్తురింకా తడిగా ఉంది. సేత్ అన్నంత పనీ చేశాడనుకున్నా. పొద్దున్నే వెళ్లిన వాడు సంతకి వెళ్లలేదేమో, కొండ మీదే కాపేశాడేమో అనుకున్నా. చచ్చినవాడు మావాడి వెంటపడకూడదు కదా. అలా వదిలేస్తే లేచి వస్తాడు. అందుకే పెట్టెలోవి తీసి చుట్టూ పెట్టాను. తలాపున గట్టిది ఉండాలి. నాదే పెట్టేశాను."

"వెళ్లేటప్పుడు గానీ, దిగేటప్పుడు గానీ ఎవరైనా కనిపించారా?"

"మనుషులెవరూ లేరు. కొండ కింద కంచె పక్కన ఆ వేన్ బాబు పచ్చకారు ఉంది. ఎక్కేటప్పుడు ఉంది, దిగేటప్పుడు లేదు. పనిమీద వచ్చుంటాడులే అనుకున్నా. మంచి కుర్రాడు, నిన్న వచ్చి ఓదార్చి వెళ్లాడు."

తలనొప్పితో సత్రంలో పడుకున్న మనిషి కారు!

పెల్లింగ్ నోటిదాకా వచ్చిన పేరు మింగేశాడు. ఇంకా ఋజువు కాని పేరు సాక్షి చెవిలో వేయకూడదు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఆ నియమం ఎప్పుడూ తప్పలేదు.

"పెద్దమ్మా, ఇదంతా క్రేల్ దొర ముందు చెప్పాలి. చెబితేనే సేత్ బయటికొస్తాడు. నువ్వు తప్ప వాడికి ఇంకో సాక్షి లేరు."

"ఈ మోకాళ్లతో రెండు మైళ్లు నడవలేను నాయనా."

"నడవక్కర్లేదు. పోస్టాఫీసుకెళ్లి ఫోన్ చేసి కారు పంపిస్తాను. చేతులు కడుక్కుని, టోపీ పెట్టుకుని సిద్ధంగా ఉండు. కారు రాగానే ఎక్కెయ్."

"ఆదివారం టోపీ పెట్టుకోనా?"

"పెట్టుకో. కొడుకుని ఇంటికి తెచ్చుకోబోతున్నావు."

---

పోస్టాఫీసు ఊరికి రెండో కొసన. సైకిలు గోడకి కూడా ఆనించకుండా వదిలేసి లోపలికి పడ్డాడు. పదకొండూ నలభై. లైను కలవడానికి మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ అతను కౌంటరు మీద వేళ్లు వాయిస్తుంటే పోస్టుమాస్టరు భార్య సిరా సీసాలన్నీ పక్కకి జరిపింది.

"క్రేల్."

"సార్, పెల్లింగ్‌ని. చీటీ అందిందా?"

"అందింది. చదివాను. డడ్నీ కూడా ఆ చిల్లుల పురాణం చెప్పాడు." క్రేల్ గొంతులో ఈసారి వెటకారం లేదు. "రైలు వదిలేస్తున్నానులే. అది చెప్పడం నాకు సరదాగా ఏం లేదు. తల్లి ఒప్పుకుందా?"

"అంతా చెప్పింది. చంపినవాడి కారు కూడా చూసింది. నాకు ఇప్పుడే ఒక కారు కావాలి సార్, ఆవిణ్ణి తీసుకురావడానికి. ఇద్దరు పోలీసుల్ని కూడా..."

"కారు పావుగంట కిందటే బయల్దేరింది."

"ఎవరు పంపారు?"

"పంపడమేముంది. చీటీ వచ్చేసరికి వేన్ నా ఎదురుగానే ఉన్నాడు, సంతకాలు పెడుతూ. చదివి వినిపించాను. ముసలావిడ నడవలేదు పాపం, నేను తీసుకొస్తానని తనే లేచాడు. పెద్దమనిషి. హలో? పెల్లింగ్? వింటున్నావా?"

పెల్లింగ్ వినడం లేదు. పోస్టాఫీసు కిటికీ అవతల పచ్చకారు మెల్లిగా వెళుతోంది. ముందు సీట్లో కెజియా టప్పెన్, ఆదివారం నల్లటోపీ పెట్టుకుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. అతన్ని చూసింది. మొహమంతా వెలిగిపోయింది. కారు పంపినందుకు చెయ్యెత్తి ఊపింది.

రిసీవరు అతని చేతిలోంచి జారి తాడుకి వేలాడింది. తలుపు తోసుకుని రోడ్డు మీదికి వచ్చేసరికి కారు ఊరి చివర రెండు దారులు చీలే చోటికి చేరింది. కుడికి తిరిగితే పోలీసు స్టేషను.

కారు ఎడమకి తిరిగి కొండెక్కడం మొదలుపెట్టింది.